చూసే కన్ను, నాటే చేయి: 'వనవాసి' నవలలో పుస్తకప్రియుడి ప్రకృతి

వ్యాససంగ్రహం:

బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ బెంగాలీలో రచించిన 'ఆరణ్యక' నవల సూరంపూడి సీతారాం అనువాదంగా, 'వనవాసి' అనే పేరుతో తెలుగు పాఠకులకు చిరపరిచితం. ప్రకృతి సౌందర్యాన్ని కీర్తించిన నవలగా దీనికి ప్రసిద్ధి ఉంది. అయితే ఇందులో అడవిని కీర్తించే వ్యక్తి, ఆ అడవిని నరికించే వ్యక్తి ఒక్కడే. పుస్తకాల్లో పెరిగిన ఒక నగరవాసి ప్రకృతిప్రేమకు ఎంత విలువ ఉంది, దానికి హద్దులెక్కడ అనే ప్రశ్నను ఈ నవల వేస్తుందనీ, సత్యచరణ్ చూపును యుగళప్రసాద్ శ్రమ పక్కన నిలిపి ఆ ప్రశ్నకు రూపం కల్పిస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తక్కువ వనరులతో జీవించడానికీ, లేమిని అనుభవించడానికీ మధ్య నవల పాటించిన భేదాన్ని పరిశీలిస్తుంది. కాగితం మీద అడవిని చదివే తెలుగు పాఠకుడికి ఈ నవలతో ఉన్న సంబంధాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: వనవాసి, ఆరణ్యక, పర్యావరణ విమర్శ, వనవిహారం, సుస్థిర జీవనం, పాఠకుడు, అడవిహక్కు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ప్రకృతివర్ణన పరిశీలనకు దీర్ఘమైన చరిత్ర ఉంది. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానవిహారం, జలక్రీడ వంటివాటిని కావ్యానికి అవసరమైన అష్టాదశవర్ణనల్లో లాక్షణికులు చేర్చారు. ప్రబంధ పరిశోధన ఈ వర్ణనలను గుర్తించి, వర్గీకరించి, వాటిలోని కల్పనను విశ్లేషించింది. భావకవిత్వం మీద వచ్చిన పరిశోధనలో కూడా ఈ పద్ధతే చాలావరకు కొనసాగింది. పర్యావరణ విమర్శ అనే పేరు వాడుకలోకి వచ్చాక పరిభాష మారింది. పద్ధతి మాత్రం అంతగా మారలేదు. ఒక కవి కావ్యంలో చెట్లెన్ని, పక్షులెన్ని, నదులెన్ని అని లెక్కించి, ఆ కవికి పర్యావరణ స్పృహ ఉందని నిర్ధారించే వ్యాసాలు ఇప్పటికీ వస్తున్నాయి.

ఈ పద్ధతిలో ఒక మౌలికమైన లోపం ఉంది. చెట్టును వర్ణించినవాడు చెట్టు పక్షాన నిలిచాడని ఇది ముందే అంగీకరిస్తుంది. వర్ణనకూ బాధ్యతకూ మధ్య ఉన్న దూరాన్ని కొలవదు. తెలుగులో వనవిహారం, వనవాసం అనే రెండు మాటలున్నాయి. విహారానికి వెళ్ళినవాడికి తిరిగి వచ్చే ఇల్లు వేరే ఉంటుంది. వాసం చేసేవాడికి ఆ వనమే ఇల్లు. విహారి కంటికి కనిపించే అడవి వేరు, వాసి చేతికి తగిలే అడవి వేరు. ఈ భేదాన్ని గుర్తించని విమర్శ విహారాన్నే వాసంగా పొరబడుతుంది.

ఆ పొరపాటుకు అవకాశమిస్తూనే దానిని లోపలినుండి ప్రశ్నించే నవల 'వనవాసి'. ఇందులోని వెన్నెల రాత్రులు, పూచిన అడవి, గుర్రపు స్వారీలు తెలుగు పాఠకులకు ఎంతగానో నచ్చాయి. ఆ ఇష్టం సహజమే. కానీ నవల పాఠకుడికి అందించే ఆనందానికీ, నవలలో జరిగే పనికీ పొత్తు కుదరదు. ఆ వైరుద్ధ్యమే ఈ వ్యాసానికి విషయం.

2. నవల నేపథ్యం, పేరులోని మార్పు:

బిభూతిభూషణ్ (1894-1950) 1920లలో బీహారులోని భాగల్‌పూర్ ప్రాంతంలో ఒక జమీందారీ ఎస్టేటు ఉద్యోగిగా పనిచేశాడు. అడవి భూములను రైతులకు కౌలుకిప్పించడం ఆ ఉద్యోగంలో భాగం. 1929లో పుస్తకంగా వచ్చిన 'పథేర్ పాంచాలి' రచన చాలావరకు అక్కడే సాగింది. ఆ అడవి అనుభవం 'ఆరణ్యక'గా రూపుదిద్దుకోవడానికి మరికొన్నేళ్ళు పట్టింది. 'ప్రవాసి' పత్రికలో ధారావాహికగా వెలువడిన ఈ నవల 1939లో గ్రంథరూపం పొందింది.

కథకుడు సత్యచరణ్ కలకత్తాలో డిగ్రీ పూర్తిచేసిన నిరుద్యోగి. పాత మిత్రుడి కుటుంబానికి బీహారులో వేల బిఘాల అడవి భూమి ఉంది. దానికి మేనేజరుగా వెళ్ళి, భూమిని కౌలుకిచ్చి జనాన్ని స్థిరపరచడం అతనికి అప్పగించిన పని. నవలకు అవసరమైన ఘర్షణంతా ఈ నియామకంలోనే ఉంది. సత్యచరణ్ అడవికి యాత్రికుడిగా వెళ్ళలేదు, శాస్త్రజ్ఞుడిగా వెళ్ళలేదు. అడవిని అడవి కాకుండా చేయడానికి జీతం పుచ్చుకుని వెళ్ళాడు.

మూలం పేరు కూడా గమనించదగినది. 'ఆరణ్యక' అంటే అరణ్యానికి సంబంధించినది. వైదిక వాఙ్మయంలో బ్రాహ్మణాలకూ ఉపనిషత్తులకూ నడుమ ఉన్న గ్రంథభాగాలకు ఆరణ్యకాలని పేరు. అవి ఊరి సందడికి దూరంగా, అరణ్యంలో అధ్యయనం చేయవలసినవి. కనుక మూలం పేరులో అడవితోపాటు గ్రంథం కూడా ధ్వనిస్తుంది. తెలుగు అనువాదానికి ఎంచుకున్న 'వనవాసి' అనే పేరు దృష్టిని గ్రంథం మీదినుండి మనిషి మీదికి మళ్ళిస్తుంది. రామాయణ సంస్కారమున్న తెలుగు పాఠకుడికి ఆ మాటలో రాముడి వనవాసం కూడా వినిపిస్తుంది. రాముడూ కొన్నేళ్ళు అడవిలో ఉండి నగరానికి తిరిగి వచ్చినవాడే.

ఇంతకూ ఈ నవలలో వనవాసి ఎవరు? కొన్నేళ్ళుండి కలకత్తాకు తిరిగి వెళ్ళిన సత్యచరణా? అక్కడే పుట్టి, నేల కోల్పోయిన భానుమతీ జనమా? తెలుగు పేరు ఈ ప్రశ్నను మూలంకంటే సూటిగా పాఠకుడి ముందుంచుతుంది. అనువాదంవల్ల మూలంలోని ఒక ధ్వని మరుగునపడినా, మరొక ప్రశ్న ముందుకు వచ్చింది.

3. పుస్తకాల గుండా చూసిన అడవి:

సత్యచరణ్ మొదటి రోజుల్లో అడవిని భరించలేకపోతాడు. గ్రంథాలయం, నాటకం, సంగీతం, మిత్రగోష్ఠి లేని చోట జీవించడమెలాగని మథనపడతాడు. ఉద్యోగం వదిలి వెళ్ళిపోవాలనుకుంటాడు. కచేరీలో పనిచేసే వృద్ధుడు గోష్ఠ చక్రవర్తి అతనికి ఒక మాట చెబుతాడు. కొన్నాళ్ళాగితే ఈ అడవి మనసును పట్టుకుంటుందనీ, ఆ తరువాత జనసందడి రుచించదనీ దాని సారాంశం. అలాగే జరుగుతుంది.

ఈ మార్పును నవల మెల్లగా, నమ్మదగినట్టు చిత్రించింది. అయితే సత్యచరణ్ ప్రకృతిప్రేమకు పుస్తకాలే పునాది అన్న సంగతి మరవరాదు. అతడు వెన్నెలను చూసినప్పుడు అపరిచిత లోకాలు, దూరదేశాలు, పురాణకాలాలు అతని ఊహలో మెదులుతాయి. దోబ్రు పన్నా పూర్వీకుల సమాధిస్థలంలో నిలిచినప్పుడు ఆర్యుల చరిత్ర, ఓడిపోయిన జాతుల చరిత్ర అతనికి స్ఫురిస్తాయి. చదువుకున్న మనసు చేసే పని ఇది. చదువు లేకపోతే ఆ లోతు అతనికి కనబడేది కాదు. ఆ చదువే అతనికీ అడవికీ మధ్య పలుచని తెరగా కూడా నిలిచింది.

ఆ తెర ఎంత ప్రమాదకరమో నవలలోని ఒక దృశ్యం తెలుపుతుంది. అడవి కొట్టివేసిన ఫూల్కియా మైదానంలో ఆవాలు పూస్తాయి. కనుచూపు మేర పసుపుపచ్చని పూలు. సత్యచరణ్ ఆ దృశ్యానికి కూడా ముగ్ధుడవుతాడు. నిన్నటి అడవిని కీర్తించిన కన్ను నేటి ఆవచేను కూడా అంతే అందంగా ఉందంటుంది. ఇందులో కపటం లేదు. సౌందర్యదృష్టికున్న సహజమైన పరిమితి ఇది. కంటికి అందం కావాలి. ఆ అందం ఏది పోయిన చోట మొలిచిందో కన్ను తనంతట తాను అడగదు. వర్ణనలను లెక్కించే విమర్శ ఈ రెండు దృశ్యాలనూ ఒకే పట్టికలో చేర్చగలదు. నవల వాటిని చేర్చిన తీరు వేరు. వాటి మధ్య ఒక అడవి కూలిందని పాఠకుడికి తెలుసు.

4. నేల ఎవరిది?

'వనవాసి'ని ఆదిమమైన అడవి నాశనం గురించిన విలాపంగా చదవడం పరిపాటి. కథలోని భూమి చరిత్ర ఇంతకంటే చిక్కైనది. ఎస్టేటు భూమిలో చాలాభాగం ఒకప్పుడు రైతుల సాగులో ఉండేది. నది దారి మళ్ళి ఆ నేలను ముంచింది. కొన్ని దశాబ్దాల తరువాత నది వెనక్కు తగ్గినప్పుడు నేల తేలింది, దానిమీద అడవి పెరిగింది. పాత రైతుల వారసులు తమ భూమిని తమకిమ్మని అడిగారు. జమీందారు అంగీకరించలేదు. కొత్తవారికిస్తే నజరానా ఎక్కువ వస్తుంది, శిస్తు ఎక్కువ వస్తుంది.

ఈ వివరం నవల తొలిభాగంలోనే ఉన్నా విమర్శలో దానికి దక్కిన ప్రాధాన్యం తక్కువ. దానిని పరిగణించగానే అడవి, నాగరికత అనే రెండు పక్షాల సరళమైన పోటీ చెదిరిపోతుంది. ఇక్కడ మూడు పక్షాలున్నాయి: అడవి, నేల పోగొట్టుకున్న పేదలు, శిస్తు కోరే జమీందారు. అడవి నరికినా పేదలకు నేల దక్కలేదు. రాస్‌విహారీ సింగ్ వంటి బలవంతులు, లాఠీలు పట్టే మనుషులున్నవారు పెత్తనం సాగించారు. గంగోతా కూలీలు మళ్ళీ కూలీలుగానే మిగిలారు.

పేదల ఆకలిని నవల దాచలేదు. కచేరీలో అన్నం పెడుతున్నారని తెలిసి పిలవని మనుషులు మైళ్ళు నడిచి వస్తారు. వారికి వరి అన్నం ఏడాదిలో ఎన్నడోగాని అందని భోగం. పుణ్యాహం పండుగనాడు వర్షంలో తడుస్తూ కూర్చుని చీనాగడ్డి గింజలు, బెల్లం, పుల్లని పెరుగు తింటూ ఆనందించే జనాన్ని చూసి సత్యచరణ్ చలించిపోతాడు. వితంతువు కుంతకు తన అధికారంతో భూమి ఇస్తాడు. ఇది మంచి పని. కానీ ఒక మేనేజరు దయ మీద ఆధారపడిన మంచి. హక్కుగా రానిది మేనేజరుతోపాటే వెళ్ళిపోతుంది.

అడవిని కాపాడాలంటే పేదలను దూరంగా ఉంచాలనే వాదానికీ, పేదలకు అన్నం పెట్టాలంటే అడవిని కొట్టక తప్పదనే వాదానికీ ఈ నవల లొంగదు. ఇక్కడ అడవీ పోయింది, పేదల ఆకలీ పోలేదు. రెండింటినీ కోల్పోయేలా చేసింది శిస్తు లెక్క.

5. యుగళప్రసాద్: నాటే చేయి

ఈ కథనంలో యుగళప్రసాద్ ప్రవేశం ఒక మలుపు. సరస్వతీ కుండి ఒడ్డున ఒంటరిగా ఏదో నాటుతున్న మనిషి సత్యచరణ్ కంట పడతాడు. పట్వారీకి బంధువు. ఇంట్లో పేదరికం. దూరప్రాంతాల్లో ఎక్కడ అరుదైన పూలతీగ కనిపించినా, దాని విత్తనమో దుంపో తెచ్చి ఈ అడవిలో నాటడం అతని అలవాటు. ఆ నేల అతనిది కాదు. ఆ పూలను అతడు అమ్మడు. తాను నాటిన చెట్టు ఎదిగి పూసేవరకు తాను ఉంటాడో లేదో కూడా లెక్కచేయడు.

సత్యచరణ్ అడవిని ప్రేమించి దాని గురించి రాశాడు. యుగళప్రసాద్ అడవిని ప్రేమించి దానికి కొత్త మొక్కలనిచ్చాడు. మొదటివాడి ప్రేమకు సాక్ష్యం పుస్తకం, రెండోవాడి ప్రేమకు సాక్ష్యం చెట్టు. ఇద్దరినీ ఒకే కొలను ఒడ్డున నిలబెట్టడంతో నవల ప్రకృతిప్రేమకు రెండు కొలమానాలను చూపింది. సత్యచరణ్‌కు ఈ తేడా తెలుసు. యుగళప్రసాద్ పట్ల అతనికి కలిగే గౌరవంలో కొంత సిగ్గు కూడా కలిసి ఉంది. అతనికి కచేరీలో ఉద్యోగమిస్తాడు, విత్తనాలు తెప్పిస్తాడు, వీలైనంతకాలం సరస్వతీ కుండి చుట్టూ ఉన్న నేలను కౌలుకివ్వకుండా జాగు చేస్తాడు. మేనేజరు హోదాలోని జాప్యమే ఇక్కడ అతడు చేయగలిగిన అడవిసేవ.

యుగళప్రసాద్‌ను ఆదర్శమూర్తిగా నిలిపి విమర్శను ముగించడం కూడా సరికాదు. రెండు పరిమితులున్నాయి. మొదటిది జీవశాస్త్ర సంబంధమైనది. ఒక చోటి మొక్కను మరొక చోటికి తెచ్చి నాటడం ఎప్పుడూ మేలు చేయదని నేటి పర్యావరణ శాస్త్రం చెబుతుంది. పరాయి మొక్కలు స్థానిక జాతులను అణచివేసిన ఉదాహరణలు భారతదేశంలోనే ఉన్నాయి. ఒకప్పుడు తోటల అందం కోసం తెచ్చిన లాంటానా ఇప్పుడు అడవులను ఆక్రమించిన కంప. యుగళప్రసాద్ అడవిని కూడా ఒక తోటగానే చూశాడు. రెండోది రాజకీయమైనది. అతని తోట నిలవాలంటే మేనేజరు కనికరం ఉండాలి. నాటే చేతికి నేల మీద హక్కు లేదు. శ్రమ చూపుకంటే గొప్పదే. అయినా ఆ శ్రమఫలాన్ని కాపాడే అధికారం శ్రమించినవాడి దగ్గర లేదు.

6. తక్కువతో బతకడం, లేమితో బతకడం:

సుస్థిర జీవనాన్ని కీర్తించే రచనలు పేదరికాన్ని నిరాడంబరతగా చూపే ప్రమాదం ఉంది. 'వనవాసి' ఈ ప్రమాదం అంచుదాకా వెళ్ళి, చాలాచోట్ల వెనక్కు వచ్చింది. అందుకు రాజు పాండే, మంచీ పాత్రలను పక్కపక్కన ఉంచి చూడవచ్చు.

రాజు పాండే లవటులియాలో కొద్దిపాటి నేల తీసుకుంటాడు. నెలలు గడిచినా దాన్ని పూర్తిగా చదును చేయడు. పూజ, గ్రంథపఠనం, చుట్టూ ఉన్న అందం అతని కాలాన్ని తీసుకుంటాయి. చీనాగడ్డి గింజలతో కడుపు నింపుకుంటాడు. ఊళ్ళో కలరా వచ్చినప్పుడు తనకు తెలిసిన మూలికావైద్యంతో ఇల్లిల్లూ తిరుగుతాడు. ఇంద్రధనుస్సు చీమలపుట్టలోనుండి లేస్తుందని నమ్మే ఈ మనిషికి పుస్తకమంటే ప్రాణం. నవలలో ఇతడు మరో రకం పుస్తకప్రియుడు. సత్యచరణ్ చదువు అతన్ని అధికారిని చేసింది. రాజు పాండే చదువు అతని అవసరాలను తగ్గించింది. అయితే ఆ తక్కువ అతడు ఎంచుకున్నది.

మంచీ ఎంచుకోలేదు. కోతల కాలంలో భర్త నక్‌ఛేదితో కలిసి ఒక పంటచేను నుండి మరొక పంటచేనుకు వలసపోయే గంగోతా యువతి ఆమె. కూలిగా దొరికిన ఆవాలను ఇచ్చి పూసలు, అద్దం, రిబ్బను వంటివి కొంటుంది. వర్తకులు ఆమెను నిలువునా మోసగిస్తారు. ఆమె మాత్రం ఆ వస్తువులను అపురూపంగా చూపించి మురిసిపోతుంది. చివరకు ఆమె ఎటో వెళ్ళిపోతుంది. అస్సాం తేయాకు తోటలకు తరలించారేమోనన్న అనుమానం మిగులుతుంది.

అవసరం లేని వస్తువు కొనవద్దని మంచీకి చెప్పే నైతికాధికారం ఎవరికి ఉంది? ఏడాదంతా ఇతరుల పంట కోసి, గడ్డి గింజలు తినే మనిషికి ఒక పూసలదండ మీద కలిగిన కోరికను వస్తువ్యామోహం అనడం అన్యాయం. నవల ఆ మాట అనలేదు. మంచీ ఆనందాన్ని ఆనందంగానే చూపి, తప్పు తూకాన్ని తప్పుగా చూపింది. సుస్థిర జీవనం గురించి ఈ నవల నుండి గ్రహించవలసిన మొదటి సూత్రం ఇదే. తగ్గించుకోవలసింది ఎక్కువ ఉన్నవాడు. లేనివాడి లేమిని సుస్థిరత అని పిలవకూడదు.

7. అడవిలో పుస్తకం, అడవి చెప్పే కథ:

ఈ నవలలో అడవి మధ్య పుస్తకాన్ని పట్టుకుని నిలిచినవారు మరికొందరున్నారు. మటుక్‌నాథ్ పండితుడు విద్యార్థులు లేకపోయినా సంస్కృత పాఠశాల తెరిచి వ్యాకరణం పట్టుకుని ఎదురుచూస్తాడు. వేంకటేశ్వర ప్రసాద్ తన కవిత్వం వినిపించడానికి చదువుకున్న శ్రోతకోసం వెదుకుతాడు. వీరిపట్ల నవలకు సున్నితమైన హాస్యం ఉంది, అంతకు మించిన ఆదరం ఉంది. విద్య మీద ప్రేమ ఎంత దూరమైన చోటైనా వేరూనుకోగలదని వీరు నిరూపిస్తారు.

అదే అడవిలో గ్రంథస్థం కాని విజ్ఞానం కూడా ఉంది. టాండ్‌బారో అనే దేవత అడవిదున్నల రక్షకుడు. వేటగాళ్ళు తవ్విన గోతి వైపు మంద పరుగెత్తి వస్తుంటే చేయెత్తి అడ్డుగా నిలుస్తాడని అక్కడివారి నమ్మకం. ఏళ్ళ తరువాత కలకత్తా వీధిలో బండిలాగే దున్నను బండివాడు కొడుతుంటే సత్యచరణ్‌కు టాండ్‌బారో జ్ఞాపకం వస్తాడు. ఇక్కడ ఆ దేవుడెక్కడున్నాడని అనుకుంటాడు. గ్రంథాల్లో పెరిగిన మనిషికి నగరం నడిబొడ్డున అక్కరకు వచ్చిన నీతి ఒక మౌఖిక కథలోనిది. పుస్తకప్రియుడు అడవిలో నిజంగా చదివిన పాఠం ఇదే.

భానుమతి సన్నివేశం దీనికి మరో వైపు. రాజవంశపు బిడ్డ అయిన ఆమెకు భారతదేశమనే పేరు తెలియదు. చదువుకున్నవారి పటంలో ఉన్న దేశానికి ఆమె అడవి తెలియదు, ఆమె అడవికి ఆ పటం తెలియదు. సత్యచరణ్ ఒక క్షణం అక్కడే ఆమెను పెళ్ళాడి ఉండిపోతే ఎలా ఉంటుందని కలగంటాడు. మరుక్షణం ఆ కల చెదిరిపోతుంది. విహారం వాసంగా మారగలిగిన ఏకైక క్షణం అది. అతడు తిరిగి వెళ్ళిపోతాడు. ఆ వెళ్ళిపోవడాన్ని దాచకపోవడమే ఈ నవల నిజాయితీ.

8. తెలుగు పాఠకుడి చేతిలోని కాగితం:

'ఆరణ్యక' గ్రంథంగా వచ్చిన 1939 తెలుగు నేలకు కూడా అడవి విషయంలో కీలకమైన కాలం. నాటి నిజాం రాజ్యంలోని ఆదిలాబాదు ప్రాంతంలో, అంతకు ముందటి సంవత్సరం, 1938లో సిర్పూరు కాగితపు మిల్లు సంస్థ స్థాపితమైంది. కాగజ్‌నగర్‌కు ఆ పేరు తెచ్చింది కాగితమే. ఆ మిల్లుకు ముడిసరుకు చుట్టుపక్కల అడవుల వెదురు. అదే ప్రాంతంలో అడవి మీద, సాగునేల మీద గోండుల హక్కుకోసం పోరాడిన కుమ్రం భీము 1940లో జోడేఘాట్ వద్ద నిజాం పోలీసుల కాల్పుల్లో మరణించాడు. వెదురు కాగితమైన నేలా, హక్కు అడిగినవారి నెత్తురు చిందిన నేలా ఒకే జిల్లాలో ఉన్నాయి.

ఈ చరిత్రను గుర్తుచేసుకోవడం పుస్తకాన్ని నిందించడానికి కాదు. పుస్తకప్రియుడి ప్రకృతిప్రేమకు అతని చేతిలో ఉన్న వస్తువుతో సంబంధముందని చెప్పడానికి. అడవి పోయిందని విలపించే నవల కూడా కాగితం మీదే అచ్చవుతుంది. సత్యచరణ్ జీతం అడవి నరకడంవల్ల వచ్చినట్టే, పాఠకుడి పుటకు కూడా ఒక మూలం ఉంది. నేరాన్ని నోటితో చెప్పుకుంటే భారం తగ్గుతుందన్న నమ్మకంతోనే ఈ కథ చెబుతున్నట్టు కథకుడు ప్రారంభంలో ప్రకటిస్తాడు. అడవి దేవతలు తనను క్షమించరని కూడా అక్కడే అంగీకరిస్తాడు. భారం తగ్గడం వేరు, క్షమ లభించడం వేరు. ఆ రెండింటి నడుమే ఈ నవల సాగుతుంది. చదివి కన్నీరు పెట్టుకున్న పాఠకుడికి కూడా భారం తగ్గుతుంది. క్షమ సంగతి తేలదు.

అయితే ఈ విషయంలో తెలుగు పుస్తకప్రియులకు ఒక సొంత సంప్రదాయం ఉంది. 1918లో వేటపాలెంలో నెలకొన్న సారస్వత నికేతనం వంటి సంస్థలను నిర్మించిన గ్రంథాలయోద్యమం ఒక ప్రతిని వందల చేతులు చదివే పద్ధతిని ఊరూరా అలవాటు చేసింది. దాని లక్ష్యం విద్యావ్యాప్తి. పర్యావరణం అనే మాట ఆ ఉద్యమకారుల ముందు లేదు. ఫలితంలో మాత్రం అది వనరును పంచుకునే జీవనవిధానం. పుస్తకాన్ని సొంతం చేసుకోవడంకంటే అందుబాటులో ఉంచడం మిన్న అన్న విలువ దానిలో ఉంది. శాఖా గ్రంథాలయాలు మూతపడుతున్న కాలంలో, ఒక్కరే చదివి బీరువాలో పెట్టే ప్రతుల సంఖ్య పెరుగుతున్న కాలంలో ఆ విలువను సుస్థిరత కోణం నుండి మళ్ళీ చదవవలసి ఉంది.

సృజనలో కూడా 'వనవాసి'కి భిన్నమైన అడవి తెలుగులో ఉంది. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' నవలలో తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్ళిన వృద్ధుడికి అడవి దృశ్యం కాదు. అది అతని బతుకు, భయం, పని. అక్కడ వెన్నెల కీర్తించదగింది కాదు, దారి కనిపించడానికి పనికొచ్చేది. సత్యచరణ్ అడవినీ ఈ వృద్ధుడి అడవినీ కలిపి బోధించినప్పుడు విద్యార్థికి వర్ణనకూ అనుభవానికీ మధ్య దూరం ఏ సిద్ధాంతగ్రంథం అవసరం లేకుండానే తెలుస్తుంది.

9. ముగింపు:

'వనవాసి' ప్రకృతిని కీర్తించిన నవల అన్న మాట నిజం. అది సగం నిజం. ఆ కీర్తన ఎవరు చేస్తున్నారు, ఏ ఉద్యోగంలో ఉండి చేస్తున్నారు, ఆ కీర్తన వల్ల ఏ చెట్టు నిలిచింది అనే ప్రశ్నలు కలిస్తేనే పూర్తి నిజం. మనిషికి కావలసింది అభివృద్ధా, ఆనందమా అని సత్యచరణ్ చివరకు ప్రశ్నించుకుంటాడు. నవలలోని మనుషులు ఆ ప్రశ్నకు మరో రెండింటిని జోడించారు. ఎవరి అభివృద్ధి? ఎవరి ఆనందం?

ఈ పరిశీలన నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, సౌందర్యదృష్టి అడవిని ప్రేమించడం నేర్పగలదు గాని కాపాడడానికి చాలదు. ఆవచేను దృశ్యం దానికి సాక్ష్యం. రెండు, నాటే శ్రమ చూపుకంటే విలువైనదే అయినా, నేల మీద హక్కు లేని శ్రమ నిలవదు. సరస్వతీ కుండి దానికి సాక్ష్యం. మూడు, తక్కువతో బతకడం ఎంచుకున్నవారికి వ్రతం, ఎంచుకోనివారికి ఆకలి. రాజు పాండే, మంచీ దానికి సాక్షులు.

పర్యావరణ విమర్శ చేసే పరిశోధకుడు కూడా ఒక పుస్తకప్రియుడే. అతని పరిశోధన కూడా విహారమే కావచ్చు. కావ్యంలోని చెట్లను లెక్కపెట్టే పని మానుకుని, ఆ చెట్ల కింద ఎవరున్నారు, వారి చేతిలో పట్టా ఉందా లేదా అని అడగడం మొదలుపెట్టినప్పుడు ఆ విమర్శ వనవాసం వైపు ఒక అడుగు వేస్తుంది. యుగళప్రసాద్‌కు పుస్తకం రాయడం రాదు. సత్యచరణ్ రాయకపోతే అతని పేరు ఎవరికీ తెలిసేది కాదు. పుస్తకం చేయగలిగిన మేలు అక్కడ ఉంది: నాటిన చేతిని గుర్తుంచుకోవడం. ఆ చేతికి నేల దక్కేలా చూడడం పుస్తకం మూసిన తరువాతి పని.